నిండింది, నిండుకుంది

చేవెళ్ల బస్టాండుకు దగ్గర్లో మాకొక దుకాణం ఉంది. పప్పులు, ఉప్పులు, పశువుల దాణా, తవుడు, గానుగ చెక్క అమ్ముతాం. అన్నీ దొరుకుతాయి గాని "లేదు" అనే మాట మాత్రం ఆ దుకాణంలో దొరకదు. ఉప్పు అయిపోతే "ఉప్పు నిండుకున్నది" అనాలి. బెల్లం అయిపోతే బెల్లం నిండుకున్నట్టు. లేదు అంటే, గుమ్మం దాకా వచ్చిన లక్ష్మి ఆ మాట విని అటునుంచి అటే వెళ్లిపోతుందని మా బాపుకు గట్టి నమ్మకం. ఆమెవి పాము చెవులని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను.

భూముల ధరలు పెరిగి, సిటీవాళ్లు కార్లేసుకుని ప్లాట్లు చూడటానికి మా వైపు రావడం మొదలైన రోజులవి. ఒకాయన కారు దిగి చక్కెర ఉందా అని అడిగాడు.

"నిండుకున్నది సార్" అన్నాడు బాపు.

"అయితే రెండు కిలోలివ్వండి."

"నిండుకున్నదంటున్న గద సార్."

"అందుకే కదండీ అడుగుతున్నా, ఇవ్వండి!"

బాపు ఆయన్ని చూశాడు, ఆయన బాపును చూశాడు. చివరికి అమ్మ లోపలి నుంచి వచ్చి ఆయనకు పక్క దుకాణం చూపించింది. నేను బస్తాల వెనక కడుపు పట్టుకుని నవ్వాను. అదే మాట కొన్ని నెలల్లో నా పెళ్లి మీదికి వస్తుందని తెలిస్తే అంతగా నవ్వేవాణ్ని కాదు.

అప్పటికి నాకు గచ్చిబౌలి వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. పొద్దున్నే చేవెళ్లలో బస్సెక్కి, మొయినాబాద్ మీదుగా నిద్రపోతూ వెళ్లి, సాయంత్రం అలాగే నిద్రపోతూ తిరిగొచ్చేవాణ్ని. నా పనల్లా ఒక పెద్ద సర్వర్‌లో ప్రాసెసర్లు ఎంతసేపు పనిచేస్తున్నాయో, ఎంతసేపు ఖాళీగా ఉన్నాయో కొలిచి పై వాళ్లకు పంపడం. ఇది మా ఇంట్లో చెప్పడానికి నానా అవస్థ పడ్డాను.

"అది పనిచేస్తది. నువ్వు సూస్తవు. గంతేనా?" అన్నాడు బాపు.

"గంతే బాపు."

"అది పనిచెయ్యకపోతే?"

"పనిచేస్తలేదని రాస్త."

"దీనికి ఇంజనీరింగ్ ఎందుకురా?" అన్నాడు, వెక్కిరింతకు కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

ఒకప్పుడు ఆ కొలత తేలికే. ఒక మిషన్, ఒక లెక్క. సగం సేపు పనిచేస్తే యాభై శాతం. తరవాత ఒకే పెద్ద మిషన్‌ను అరలు అరలుగా పంచి, ఒక్కో అరను ఒక్కో పనికి ఇవ్వడం వచ్చింది. దాన్ని పార్టిషన్ అంటారు. ఆ మాట నేను ఫోన్‌లో అనగానే అమ్మ పొయ్యి మీది పాలు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. బాపూ చిన్నాయనా వేరుపడ్డప్పటి గొడవలు ఆమెకింకా కళ్లకు కట్టినట్టున్నాయి. "మళ్ల పార్టిషనేందిరా, ఉన్నదే గింత" అంది. పాలు పొంగిపోయాయి.

నిజానికి ఆ పాత పంపకమే నాకు పనికొచ్చింది. మా దుకాణం వెనక షాబాద్ బండలు పరిచిన గోదాము ఒకటుంది. అన్నదమ్ములిద్దరూ దాన్ని సగం సగం పంచుకుని, బండల మీద మధ్యన ఎర్ర రంగుతో గీత గీసుకున్నారు. చిన్నాయన వ్యాపారం అంతంత మాత్రం కాబట్టి ఆయన సగం ఎప్పుడూ బోసిపోయి ఉండేది. బాపు బస్తాలు మెల్లగా గీత దాటాయి. దాటి, ఆ సగంలో కూడా చాలా మటుకు ఆక్రమించాయి. ఇది చాలదన్నట్టు దుకాణం ముందు బోర్డు మీద "మాకు రెండు గోదాములు కలవు" అని రాయించాడు బాపు. ఉన్నది సగం, వాడేది దాదాపు మొత్తం, చెప్పేది రెండు.

మా సర్వర్‌లో అరలు కూడా అచ్చం ఇలాగే నడుస్తాయి. ఒక అరకు రాసిచ్చిన వాటా సగం ప్రాసెసర్. పక్క అరలు ఖాళీగా ఉంటే గీత దాటి వాళ్లది వాడుకోవచ్చు. కాని ఆ అర లోపల నడిచే ప్రోగ్రాములకు మాత్రం నీకు రెండు ప్రాసెసర్లున్నాయని చెబుతాం. అవి ఉత్త బోర్డు మీది ప్రాసెసర్లు. వాటినే వర్చువల్ ప్రాసెసర్లని ముద్దుగా పిలుస్తారు. ఇప్పుడు ఆ అర, ఒక ప్రాసెసర్‌లో పదింట తొమ్మిది వంతులు వాడిందనుకోండి. దాని వాటాతో పోలిస్తే నూట ఎనభై శాతం. బోర్డు మీది రెండింటితో పోలిస్తే నలభై ఐదు. మిషన్ మొత్తంలో ఉన్న పదహారింటితో పోలిస్తే ఆరుకు కాస్త తక్కువ. మూడూ నిజమే. మూడూ ఒకే పని గురించే.

"అంటే మన గోదాము లెక్క" అన్నాడు బాపు, ఇది చెప్పగానే. ఆ రోజు నుంచి నా ఉద్యోగం ఆయనకు గొప్పగా కనిపించడం మొదలైంది. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ మావోనికి నూట ఎనభై వస్తున్నదని చెప్పేవాడు. మార్కులనుకునేవాళ్లు మార్కులనుకున్నారు, జ్వరమనుకునేవాళ్లు జ్వరమనుకున్నారు.

ఇంతలో సంబంధం వచ్చింది. పిల్ల వాళ్లది మొయినాబాద్‌లో బట్టల దుకాణం. ఆమె గండిపేట వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. చూడటానికి వెళ్లిన రోజు పెద్దవాళ్లు ఆమెను నువ్వేమన్నా అడుగు బిడ్డా అన్నారు. ఇలాంటప్పుడు ఎవరూ ఏమీ అడగరు. ఆమె అడిగింది.

"మీ సర్వర్ ఖాళీగ ఉన్నప్పుడు మీరేం చేస్తరు?"

నాకు అబద్ధం తట్టలేదు. "ఖాళీగ ఉన్నదని రాసుకుంట" అన్నాను.

ఆమె తల వంచుకుని నవ్వింది. ఆపుకోవాలని చూసింది గాని వీలు కాలేదు, భుజాలు కదిలాయి. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని నేను ఆ క్షణాన అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో బస్సులో నాకు నిద్ర పట్టలేదు. ఆ దారిలో నిద్ర పట్టకపోవడం అదే మొదటిసారి.

వాళ్ల నాన్నకు నేను నచ్చాను. నా కంపెనీయే అనుమానం. ఆయన చుట్టాల్లో ఒక అబ్బాయి సోమవారం ఆఫీసుకు వెళితే తలుపుకు తాళం, గోడ మీద బోర్డు ఊడదీసిన మేకులు మాత్రం కనిపించాయట. అందుకని మధ్యవర్తిగా ఉన్న మా మేనత్తను పక్కన పెట్టి, కంపెనీ సంగతి నన్నే అడిగి తేల్చుకుందామని నాకు ఫోన్ చేశాడు.

ఆయన చేసింది సరిగ్గా అగ్గి మీద గుగ్గిలంలా ఆఫీసు మండిపోతున్న రోజు. నూట ఎనభై అన్న అంకె చూసి అవతల క్లయింట్ గుండె జారిపోయింది. మా టీమ్ లీడ్, శాతమంటే వందకు మించదు, కొలతలో తప్పుంది, వంద అని రాసెయ్ అంటాడు. ఇంకొకాయన నలభై ఐదే రాయి, అందరం ప్రశాంతంగా ఉంటాం అంటాడు. వాళ్ల మధ్య నుంచి తప్పించుకుని, ఫోన్ పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చాను. తల నిండా ఆ అర లెక్కే తిరుగుతోంది.

"బాబూ, పనిల ఉన్నవా? మీ దగ్గర ఎట్లున్నది ఇప్పుడు?" అన్నాడాయన.

"నిండింది అంకుల్. పొద్దటి సంది గిదే లొల్లి."

"నిండిందా?"

"మొత్తం. మాకిచ్చిన వాటా అయితే ఎప్పుడో నిండింది."

"మరి ఎట్ల నడుస్తున్నది?"

"పక్కోల్లది వాడుకుంటున్నం."

"వాల్లు ఊకుంటున్నరా?"

"వాల్లకు ఇప్పుడు పనిలేదంకుల్. వాల్లు అడిగినంక ఇచ్చెయ్యాలె."

"ఇచ్చేస్తే మీకేం మిగులుతది?"

"సగం. అసలు మాది సగమే గద. పైకి రెండని చెప్తం."

"ఎవలికి చెప్తరు?"

"లోపల పనిచేసేటియి ఉంటయి గద, వాటికి. అవి నమ్ముతయి."

"బాబూ, నీకు ఫికర్ లేదా?" అన్నాడు చివరికి, చాలా మెత్తగా.

"ఫికరెందుకంకుల్? అంతట గిట్లనే నడుస్తున్నది. పెద్ద పెద్ద కంపెనీలన్నీ గిట్లనే."

"మంచిది బిడ్డా. పైలంగ ఉండు" అని పెట్టేశాడు. బాబును కాస్తా బిడ్డనయ్యానని నేను పొంగిపోయాను. ఆయనది జాలి అని నాకు తెలియలేదు. లోపలికి వెళ్లి ఎంతో హుషారుగా లీడ్‌తో పోట్లాడాను.

తరవాత మొయినాబాద్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒకరోజు మా మేనత్త బస్సు దిగి, దుకాణం మెట్లెక్కుతూనే ముక్కు మీద వేలేసుకుంది.

"ఏం అన్నా, పిల్లగాని కంపెనీ నిండుకున్నదట గద! ఒక్క మాట చెప్పకపోతివి."

బాపు చేతిలోని తక్కెడ అలాగే ఆగిపోయింది. అప్పుడు దుకాణంలో ఉన్నవాళ్లంతా విన్నారు. సాయంత్రానికి బజారు బజారంతా ఓదార్పులకు వచ్చింది. ఫికర్ చెయ్యకు సేటూ, దుకాణమున్నది గద అన్నారు. ఒకాయనైతే షాబాద్‌లో బండలు కోసే మిషన్ మీద పనుందని, అది కూడా మిషనే కాబట్టి నాకు అలవాటే అయి ఉంటుందని చెప్పాడు. అమ్మ లోపల కూర్చుని ముక్కు చీదుతోంది.

నేను ఇంటికి రాగానే బాపు నన్ను కూర్చోబెట్టి, ఫోన్‌లో ఏమన్నానో ప్రతి మాటా చెప్పించుకున్నాడు. నిండింది దగ్గరికి రాగానే తల పట్టుకున్నాడు.

"బట్టల దుకాణపాయనతోని నిండింది అంటివారా! మా బోటోల్ల చెవుల నిండింది అంటే ఏందిరా?"

"నేను నిజంగనే నిండింది అన్న బాపు."

"నిజంగ నిండినోడు ఎవడన్న నిండిందని చెప్తడా? ఉన్నది అంటడు. నిండినట్టు చెప్పేది అయిపోయినోడే!"

పరాయి దేశం క్లయింట్‌కు నూట ఎనభై అంటే ఏమిటో నచ్చజెప్పాను గాని, పుట్టినప్పటి నుంచి వింటున్న మాటను మరిచిపోయాను. ఆ పిల్ల నవ్వు ఇక నాది కాదేమోనన్న దిగులు పట్టుకుంది. అన్నం సహించలేదు. బస్సు మొయినాబాద్‌లో ఆగినప్పుడల్లా బట్టల దుకాణం వైపు చూడకుండా ఉండటానికి కళ్లు మూసుకునేవాణ్ని. మూసుకున్నా నిద్ర వచ్చేది కాదు.

ఆదివారం బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని స్కూటర్ తీశాడు. "కూసో. పోయి చెప్పివద్దాం" అన్నాడు.

మొయినాబాద్ దుకాణంలో తెల్లటి పరుపు మీద మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు ఆమె తండ్రి. మర్యాదకు లోటు చెయ్యలేదు, ముఖం మాత్రం పరామర్శకు వచ్చినవాళ్లను చూసే ముఖం. వెనక తెర, తెర వెనక వాళ్ల ఇల్లు. నేను గొంతు సవరించుకుని, కంపెనీ మునగలేదని, నిండింది పనేనని, ఒకే పనికి మూడు అంకెలు ఎలా వస్తాయో మొదటి నుంచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మూడు లెక్కలు" అన్నాడు. "ఒకటి సర్కారుకు, ఒకటి పాలు పంచుకునేటోనికి, ఒకటి సొంతానికి. గంతేనా?"

"కాదంకుల్, మూడూ నిజం లెక్కలే."

"గట్లనే అంటరు బిడ్డా."

నేను చెప్పిన కొద్దీ గొయ్యి లోతవుతోందని బాపు కనిపెట్టాడు. చాయ్ పక్కన పెట్టి మా గోదాము కథ మొదలుపెట్టాడు. ఎర్ర గీత, మన సగం, తమ్ముని సగం, గీత దాటిన బస్తాలు, బోర్డు మీది రెండు. పరుపు మీదే వేలితో గీతలు గీశాడు. వ్యాపారం చేసే మనిషికి గోదాము మాట ఇట్టే ఎక్కింది. ఆయన ముఖం విప్పారింది.

"ఓహో, గిదా! గిదైతే సమజైంది సేటూ. పని ఎక్కువై పక్క జాగల పడ్డదన్నట్టు."

"అదే మరి!"

"తమ్ముడు అడిగితే కాలీ చెయ్యాలె?"

"అడిగిన గడియల!" అన్నాడు బాపు, తొడ చరిచినంత పని చేసి.

"చేసినవా ఎన్నడన్న?"

బాపు చాయ్ కప్పు ఎత్తాడు. అది ఎప్పుడో అయిపోయింది. అయినా తాగాడు. వానలు పడగానే చిన్నాయన ఏటా అడుగుతాడని, బాపు ఏటా ఎల్లుండి అంటాడని మా ఇంట్లో అందరికీ తెలుసు.

"మా సర్వర్‌ల గట్ల కాదంకుల్" అన్నాను నేను ఆత్రంగా. "వాటా ఎవలిదో వాల్లు అడగంగనే మిషన్ గుంజి ఇచ్చేస్తది. మా బాపు లెక్క కాదు."

నోట్లోంచి వచ్చేశాక గాని ఏమన్నానో తెలియలేదు. బాపు నా వైపు చూసిన చూపుకు పరుపు కింద దూరాలనిపించింది. ఆమె తండ్రి మీసం కింద ఏదో కదిలింది.

"నాకైతే సగమే సమజైంది. లోపల మా బిడ్డ ఉన్నది, ఆమెకు చెప్పు. ఆమెకు సమజైతే నాకైనట్టే" అన్నాడు.

తెర వెనక గదిలో ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతోంది. నేను నిలబడే మళ్లీ మొదటి నుంచి చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"విన్న. పైన అంకె ఒక్కటే. కింద దేనితోని భాగిస్తున్నరో అదే మారుతున్నది. అంకె పక్కన దేంట్ల శాతమో రాస్తే అయిపోతది గద?"

మా ఆఫీసులో ఎన్నో మీటింగులు పెట్టుకుని తేల్చుకోలేకపోయింది అంతే. మర్నాడే వెళ్లి అలాగే రాశాను, గొడవ సద్దుమణిగింది. కాని ఆ క్షణాన నాకు ఆఫీసు గుర్తులేదు. ఆమె ఎర్ర పెన్నుకు మూత పెట్టింది.

"నేనొకటి అడుగుత. మీకు నూట ఎనభై అయిన రోజు ఇంటికెంత మిగులుతది?"

అన్నేళ్లుగా మిషన్ ఖాళీని కొలిచాను. నా ఖాళీ ఎంతో ఎవరూ అడగలేదు, నేనూ చూసుకోలేదు.

"మీ వాటా మీకుంటది" అన్నాను. "ఒక్కోసారి నేను గీత దాటుత కావచ్చు. మీరు అడిగిన గడియల ఇచ్చెయ్యాలె. అది రూలు."

"మీ సర్వర్ లెక్కనా, మీ బాపు లెక్కనా?"

"సర్వర్ లెక్క" అన్నాను.

తల వంచుకుంది. భుజాలు కదిలాయి. ఈసారి ఆపుకోవాలని కూడా చూడలేదు, పకపకా నవ్వింది. ఆ నవ్వు తెర దాటి దుకాణంలోకి వెళ్లింది. నా ప్రాణం లేచొచ్చింది.

బయట ఆమె తండ్రి గొంతు వినిపించింది. "బావా, ఇంకో చాయ్ తాగుతవా?" అంతవరకూ ఆయన మా బాపును సేటూ అనే పిలిచాడు.

స్కూటర్ మీద చేవెళ్ల దాకా బాపు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ముహూర్తాలు పెట్టుకున్నాక ఒక పొద్దున లేచి చూస్తే, గోదాములో చిన్నాయన సగం శుభ్రంగా ఊడ్చి ఉంది. ఎర్ర గీత మళ్లీ కనిపిస్తోంది. గీత దాటిన బస్తాలన్నీ మా ఇంట్లో నడిమి గదిలోకి, మంచాల కిందికి, దేవుడి గూటి పక్కకు వచ్చి చేరాయి. అమ్మ ఎంత మొత్తుకున్నా బాపు వినలేదు.

పెళ్లయి ఆమె మా ఇంట్లో అడుగుపెట్టిన రోజున కూర్చోబెట్టడానికి జాగా దొరకలేదు. ఆమె చుట్టూ చూసి, పట్టు చీర సర్దుకుని ఒక తవుడు బస్తా మీద కూర్చుంది.

"గోదాముల జాగ లేదా మామయ్యా?" అంది.

చుట్టాలంతా గతుక్కుమన్నారు. కొత్త కోడలు ఆ ఇంట్లో అనరాని మాట అనేసింది. నిండుకున్నదనమని మా మేనత్త ఆమెకు సైగ చేస్తోంది. బాపు భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు.

"లేదు బిడ్డా" అన్నాడు. "అది మీ చిన్నమామది. మనకు లేదు."

ఆ మాట బాపు నోట వినడం నాకదే మొదటిసారి. అమ్మ గాభరాగా గుమ్మం వైపు చూసింది. లక్ష్మి వింటే ఇంకేమన్నా ఉందా. గుమ్మంలో ఎవరూ లేరు. వచ్చినామె అప్పటికే లోపలికొచ్చి, తవుడు బస్తా మీద నిమ్మళంగా కూర్చునే ఉంది.